ఎముకల రక్తపరీక్షల ప్యాకేజీ: అంకెలు సరే, వ్యాఖ్యలే తలనొప్పి

ఆస్టియోపోరోసిస్‌కి (ఎముకలు గుల్లబారే జబ్బుకి) మందులు వాడుతున్నాను కాబట్టి ఈ ల్యాబ్ వాళ్ల 'బోన్ ప్రొఫైల్' చేయించుకున్నాను. రక్తం తీసినమ్మాయిది తేలిక చెయ్యి. రిపోర్టు సాయంత్రానికే ఫోన్‌కి వచ్చింది. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

కాల్షియం 9.2. పక్కన ఆకుపచ్చ టిక్కు, కింద 'మీ ఎముకలు ఆరోగ్యంగా ఉన్నాయి' అని ఒక వాక్యం! రాసినవాళ్లని ఏమనాలి? రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి లాగి మరీ సరిచేస్తుంది. అందుకే ఎముకలు గుల్లబారినవాళ్లలోనూ ఆ అంకె సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఎముకల సాంద్రత తెలియాలంటే దాన్ని ఎక్స్‌రేతో కొలిచే డెక్సా స్కాన్ తీయాల్సిందే. రక్తపరీక్షలు చెప్పేది వేరు: విటమిన్ డి తక్కువుందా, థైరాయిడ్, కిడ్నీ లాంటి కారణమేదైనా ఉందా, మందు పనిచేస్తోందా అని.

అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ కూడా చూసి, దాన్నిబట్టి సరిచేసిన కాల్షియం విడిగా ఇవ్వడం నచ్చింది. రక్తంలోని కాల్షియంలో దాదాపు 40 శాతం ప్రొటీన్లకి, ముఖ్యంగా అల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది మరి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎర్రరంగులో కనిపించి కాస్త టెన్షన్ పెట్టింది. విరిగిన నా మణికట్టు ఇప్పుడిప్పుడే అతుక్కుంటోంది కదా, అలాంటప్పుడు అది పెరుగుతుందని డాక్టరుగారు చెప్పాక కుదుటపడ్డాను.

సీటీఎక్స్‌కి (ఎముక ఎంత కరుగుతోందో చూపే పరీక్షకి) పొద్దున్నే పరగడుపున రావాలని బుకింగ్‌లో ఎక్కడా లేదు. తిన్నాక ఆ అంకె తగ్గుతుంది, ఇక పాత రిపోర్టుతో ఏం పోలుస్తాం? నాకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. పరీక్షలకి నాలుగు స్టార్లు, వ్యాఖ్యలకి ఒకటి.