ఎగువ అహోబిలం నడక దారులు: కాళ్ల లెక్కలో ఏది మేలు

అహోబిలం గురించి తెలుగులో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం తొమ్మిది నృసింహ ఆలయాల మహిమను వివరంగా చెప్పి, వాటిని కలిపే అడవి దారుల దగ్గరికి వచ్చేసరికి 'కొంచెం కష్టం, చేతికర్ర తీసుకువెళ్లండి' అన్న మాటతో ముగిస్తాయి. ఆ దారులే ప్రధాన విషయంగా ఈ సమీక్ష రాస్తున్నాను. గుడారాలు, తాళ్లు, ప్రత్యేక శిక్షణ ఏవీ లేకుండా మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఒక్క పూటలో నడిచి చూడగలిగిన నల్లమల లోయల్లో, ఎగువ అహోబిలం ఆలయం నుంచి జ్వాలా నరసింహ సన్నిధి వరకు సాగే భవనాశిని లోయకు సాటి రాగలది మరొకటి లేదని నా అభిప్రాయం. అక్కడికి వచ్చేవారిలో చాలామంది తొమ్మిది గుళ్లూ ఒక్క రోజులో ముగించాలన్న తొందరలో ఆ లోయను చూడకుండానే దాటిపోతున్నారన్నది నా ఫిర్యాదు.

కృష్ణకూ పెన్నకూ నడుమ ఉత్తర దక్షిణాలుగా సుమారు 150 కిలోమీటర్ల పొడవున సాగిన నల్లమల వరుసలో అహోబిలం దక్షిణపు వైపున ఉంది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత నంద్యాల జిల్లాలోకి వచ్చింది. కర్నూలు, కడప రహదారి మీద ఉన్న ఆళ్లగడ్డ నుంచి లోపలికి వస్తే దిగువ అహోబిలం, అక్కడి నుంచి 8 కిలోమీటర్ల కొండదారిలో ఎగువ అహోబిలం వస్తాయి. వాహనం అక్కడితో ఆగిపోతుంది. అసలు నడక ఆలయం వెనుక, భవనాశిని ఒడ్డున మొదలవుతుంది.

దారిలో మొదటి భాగం వరాహ నరసింహ సన్నిధి వరకు, సుమారు ఒక కిలోమీటరు. క్రోడ నరసింహుడని కూడా పిలిచే ఈ స్వామి దగ్గరికి పెద్దగా ఎక్కుడు లేదు, కానీ నేల మాత్రం చదునుగా ఉండదు. ఒకచోట వేసిన మెట్లు, ఒకచోట బండల మీదుగా మనమే వెతుక్కోవలసిన అడుగులు, మధ్యలో ఏరు దాటవలసిన చోట్లు, ఇలా దారి మాటిమాటికీ స్వభావం మార్చుకుంటూ ఉంటుంది. పిల్లలతో వచ్చినవారికి, మోకాళ్ల మీద నమ్మకం తక్కువగా ఉన్నవారికి ఇక్కడి వరకు నడక చాలు. ఇంతమాత్రం నడిచినా రెండు వైపులా నిట్టనిలువుగా లేచిన కొండగోడల మధ్య ఏటి పక్కన కూర్చున్న తృప్తి దక్కుతుంది.

వరాహ సన్నిధి దాటాక లోయ ఇరుకవుతుంది, బండల పరిమాణం పెరుగుతుంది. ఇక్కడి రాతిని గమనించకుండా నడిచిపోవడం అన్యాయమే. ఈ కొండలు భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే అతి ప్రాచీన శిలలకు చెందినవి. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన గతంలో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి, ఒత్తిడికి లోనై, క్వార్ట్జైట్ అనే కఠిన శిలగా మారింది. కొండగోడలు పొరలు పొరలుగా, అంచులు తెగ్గోసినట్టుగా కనిపించడానికి కారణం ఇదే. పొరకూ పొరకూ మధ్యనున్న పగుళ్ల వెంట రాయి విడిపోయి పలకలుగా ఏట్లోకి జారుతుంది. ఏటి నీరు వాటి మూలలను అరగదీస్తుంది. అందుకే పైనుంచి కొత్తగా పడిన బండకు పదునైన అంచులు, ఎన్నో వానాకాలాలు చూసిన బండకు నున్నని వీపు ఉంటాయి. కాలు పెట్టే ముందు ఈ తేడా తెలిసి ఉండటం చాలా అవసరం, ఎందుకంటే తడిసిన నున్నటి బండ మీద ఎంత మంచి బూటైనా జారుతుంది, అంచులున్న బండ మీద మామూలు చెప్పు కూడా నిలుస్తుంది. ఈ బేసిన్ క్వార్ట్జైట్లలో, ఆనాటి అలలు ఇసుక మీద వేసిన ముడతలు రాతిగా నిలిచిపోయి కనిపించడం అరుదేమీ కాదు. ఏట్లో పడి ఉన్న పలకలను వంగి పరిశీలించేవారికి శ్రమ వృథా పోకపోవచ్చు.

చివరి భాగంలో మెట్లున్నాయి. మెట్ల పొడవునా ఒకే ఎత్తు పాటించలేదు కాబట్టి ఊపిరి కంటే ముందు తొడలు అలసిపోతాయి. వాటిని ఎక్కి కొండచరియ వెంట వెళ్లే ఇరుకు దారికి చేరుకుంటే ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఇనుప కడ్డీలు, కడ్డీల అవతల లోయ ఉంటాయి. ఎత్తులంటే భయపడేవారు ఈ కొద్ది దూరాన్ని గోడ వైపు చూస్తూ దాటవచ్చు. జ్వాలా నరసింహుడి గుహ ఈ చరియలోనే ఉంది. దాని ముందు, తల మీదికి పొడుచుకు వచ్చిన కొండ అంచు నుంచి నీరు దారి మీదుగా లోయలోకి పడుతుంది. వానల తర్వాత వెళితే ఆ ధార కింద తడవకుండా గుహకు చేరడం కుదరదు. ఎండాకాలంలో అది బొట్లు బొట్లుగా రాలుతుంది, అంతే. ఏ కాలంలో వెళ్లినా ఒకసారి ఆ అంచు కింద ఆగి పైకి చూడటం మంచిది. మీద పడే చినుకు మొదట నెమ్మదిగా, తర్వాత గాలికి పక్కకు కొట్టుకుపోతూ, ఒక్కో బొట్టు ఒక్కో చోట పడుతుంది. ఆ తడి తగిలినంత మేర రాయి నల్లగా, నాచుతో పచ్చగా ఉంటుంది, తగలని చోట ఎర్రటి గోధుమ రంగులో పొడిగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీత గీసినట్టు సరిహద్దు కనిపిస్తుంది. హిరణ్యకశిపుని సంహరించిన తర్వాత స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం కూడా ఈ సమీపంలోనే ఉంది.

ఎగువ ఆలయం నుంచి ఇక్కడికి సుమారు 4 కిలోమీటర్లు. పటం మీద అంకె చిన్నదే. అయితే చదునైన రోడ్డు మీద నడిచే వేగాన్ని లెక్కలోకి తీసుకుని 'గంటలో వెళ్లి వస్తాం' అనుకుంటే అంచనా పూర్తిగా తప్పుతుంది. కూర్చుంటూ, నీళ్లు తాగుతూ, చూస్తూ వెళ్లి రావడానికి ఒక పూట కేటాయించుకోవడం న్యాయం.

ఉగ్రస్తంభం విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. స్వామి చీల్చుకుని వెలువడిన స్తంభమని భక్తులు నమ్మే, నిలువునా చీలిన ఆ శిలను చూడటం వేరు, దాని కొనకు ఎక్కడం వేరు. జ్వాలా దారి నుంచి విడిపోయి పైకి వెళ్లే ఈ మార్గం తక్కువ దూరంలోనే బాగా ఎత్తుకు తీసుకుపోతుంది. మెట్లు లేని ఏటవాలు, వదులుగా ఉన్న రాళ్లు, చేతులతో పట్టుకుని ఎక్కవలసిన చోట్లు ఉన్నాయి. కొన దగ్గర నిలబడే స్థలం ఇరుకు, గాలి బలం ఎక్కువ. కొండలెక్కిన అనుభవం, తోడుగా దారి తెలిసిన స్థానికుడు, పొడి వాతావరణం, ఈ మూడూ ఉంటే పైనుంచి కనిపించే నల్లమల వరుసలు శ్రమకు తగిన ఫలమే. ఒక్కటి లోపించినా కింది నుంచి చూసి తిరిగి రావడమే మంచిది. స్నేహితుల బలవంతం మీద ఎక్కేవారు దిగేటప్పుడు పడే అవస్థ ఏ రోజు వెళ్లినా అక్కడ కనిపిస్తుంది. ఎక్కడానికి ఉత్సాహం సరిపోతుంది, దిగడానికి అలవాటు కావాలి.

దీనికి పూర్తిగా భిన్నమైనది మాలోల నరసింహ సన్నిధికి వెళ్లే దారి. లక్ష్మీదేవితో కలిసి ప్రసన్నుడై ఉన్న స్వామి ఇక్కడ కొలువై ఉన్నాడు. ఆలయం ఎగువ అహోబిలం నుంచి సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉంది. జ్వాల నుంచి తిరిగి వచ్చేటప్పుడు చాలామంది అలసిపోయి దీన్ని వదిలేస్తారు. నా దృష్టిలో ఈ కొండల్లో అతి తక్కువ శ్రమకు అతి ఎక్కువ ప్రతిఫలమిచ్చే నడక ఇదే. ఏటి రొద కింద ఉండిపోతుంది, అడవి దగ్గరకు వస్తుంది, జనం పలచబడతారు. ఆలయానికి పైన ప్రహ్లాద బడి అని పిలిచే చోటు ఉంది. పెద్ద బండల కింద ఏర్పడిన గుహ లాంటి ఆ స్థలంలో ఒక గంట కూర్చోగలిగితే ప్రయాణం సగం సార్థకమైనట్టే. జ్వాలకు వెళ్లే ఓపిక లేనివారు వరాహ, మాలోల, ప్రహ్లాద బడి మాత్రమే పెట్టుకుంటే ఎంతో హాయిగా ఒక రోజు గడుస్తుంది.

చెట్ల గురించి కొంచెం చెప్పాలి. ఇది ఆకు రాల్చే ఎండు అడవి. మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలిన బెరడు కనిపిస్తే అది నల్లమద్ది. గాటు పడితే ఎర్రటి జిగురు కార్చేది ఏగిస. అయితే ఇక్కడి కొండగోడల మీద కళ్లను నిలబెట్టేది తపసి చెట్టు. మట్టి అనేదే కనిపించని బండ పగులులో వేళ్లు జొనిపి, తెల్లగా, కాగితం పొరల్లా రాలే బెరడుతో, ఎండాకాలంలో ఆకు లేకుండా నిలబడి ఉంటుంది. దాని నుంచి వచ్చే తపసి బంకను సేకరించడం ఈ అడవిలోని చెంచుల జీవనాధారాల్లో ఒకటి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ బంకను కొనుగోలు చేస్తుంది. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ గుడిలో విన్నవారు, ఆ కథకు చెందిన జనం నేటికీ ఈ అడవి మీదనే ఆధారపడి ఉన్నారన్న సంగతి ఈ చెట్టు దగ్గర గుర్తు చేసుకోవచ్చు. జంతువుల విషయంలో మాత్రం ఆశలు పెట్టుకోకూడదు. చిరుత, ఎలుగుబంటి, బెట్టుడుత నల్లమలలో ఉన్నమాట నిజమే కానీ, జనం మాటల సందడి ఉన్న దారి పక్కకు అవి రావు. కోతులు మాత్రం తప్పకుండా వస్తాయి. చేతిలో సంచి కనిపిస్తే లాక్కుంటాయి, కాబట్టి తినుబండారాలు వీపు సంచిలో లోపల పెట్టుకోవాలి.

మిగిలిన దారులు త్వరగా చెప్పేస్తాను. కారంజ నరసింహుడు ఎగువ అహోబిలం రోడ్డు పక్కనే, కానుగ చెట్టు నీడన ఉన్నాడు, నడక అంటూ ఏమీ లేదు. ఛత్రవట, యోగానంద సన్నిధులు దిగువ అహోబిలానికి దగ్గరవి, వాటి నడకలో చెప్పుకోదగ్గ అడవి అనుభవం లేదు. భార్గవ నరసింహుడి దారి గతుకులతో ఉన్నా, పక్కనున్న పుష్కరిణి కోసం వెళ్లవచ్చు. పావన నరసింహుడి దగ్గరికి మాత్రం ఎగువ నుంచి సుమారు 6 కిలోమీటర్ల అడవి దారి ఉంది. ఎక్కువమంది జీపుల్లో వెళతారు. ఆ జీపు ప్రయాణం నడుముకు పరీక్షే తప్ప అడవిని చూపేది కాదు. నడిచి వెళ్లేవారు ఒంటరిగా వెళ్లకూడదు.

కాలం విషయానికి వస్తే, వానలు తగ్గుముఖం పట్టిన తర్వాత అక్టోబరు నుంచి జనవరి వరకు ఈ దారులకు అనువైన సమయం. ఏట్లో నీరు ఉంటుంది, అడవి పచ్చగా ఉంటుంది, ఎండ భరించగలిగేలా ఉంటుంది. భారీ వాన కురుస్తున్న రోజుల్లో మాత్రం వెళ్లకూడదు. రాతి కొండల మీద పడిన నీరు నేలలో ఇంకక నేరుగా ఏట్లోకి దూకుతుంది కనుక భవనాశిని చూస్తుండగానే పొంగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బండలు కాలి లోయ పెనంలా ఉంటుంది. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల రోజులు, స్వామి జన్మ నక్షత్రమైన స్వాతి వచ్చే రోజులు భక్తులకు ఎంత ముఖ్యమైనవో నడిచేవారికి అంత ఇబ్బందికరమైనవి. ఇరుకు మెట్ల మీద ఎదురెదురు వరుసలు ఏర్పడతాయి.

లోపాల సంగతి. దారి చీలే చోట్ల సూచికలు చాలినన్ని లేవు. ముఖ్యంగా మాలోలకు విడిపోయే చోట కొత్తవారు తికమక పడతారు. ఇనుప కడ్డీలు, చిన్న వంతెనలు ఉపయోగకరంగానే ఉన్నాయి. అయితే బండల సందుల్లో ఇరుక్కున్న నీళ్ల సీసాలు, బిస్కెట్ పొట్లాలు మనసును పాడుచేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఏటి పక్క విశ్రాంతి తీసుకునే చోట్లనే ఉంటాయి, అంటే ఆ చోటు నచ్చి కూర్చున్నవారే పారేసినవి. 'ఒక్క రోజులో తొమ్మిది దర్శనాలు' అని చెప్పి తీసుకువచ్చే ప్రయాణ ఏర్పాట్లు మరో సమస్య. అటువంటి బృందంలో వెళ్లినవారికి జ్వాల దగ్గర నిలిచే వ్యవధి ఉండదు, మాలోల మెట్ల మీద పరుగే ఉంటుంది. తొమ్మిదీ చూడాలన్న సంకల్పం ఉన్నవారు రెండు రోజులు పెట్టుకోవడం మేలు. మొదటి రోజు పూర్తిగా ఎగువ లోయకు, రెండో రోజు దిగువ ఆలయాలకూ పావనానికీ కేటాయిస్తే నడకకూ దర్శనానికీ న్యాయం జరుగుతుంది.

రాత్రి దిగువ అహోబిలంలో బస చేసి, తెల్లవారగానే పైకి చేరితే లోయలోకి ఎండ దిగేలోపు వరాహ సన్నిధి దాటిపోవచ్చు. తాగునీరు ఎగువ ఆలయం దగ్గరే నింపుకోవాలి. మధ్యాహ్నం దాటాక జ్వాల వైపు కొత్తగా బయలుదేరడం తెలివైన పని కాదు, కొండగోడల మధ్య చీకటి ముందుగా పడుతుంది. లోయలోకి దిగాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకూడదు కాబట్టి బృందంలో వెనుకబడే వారి కోసం ముందే కలుసుకునే చోటు అనుకోవాలి. వృద్ధులను డోలీలో మోసుకువెళ్లే స్థానికులు ఎగువ ఆలయం దగ్గర దొరుకుతారు. ధర, ఎంతవరకు తీసుకువెళ్లేది, తిరుగు ప్రయాణం కూడా అందులో కలిసే ఉందా లేదా అన్నది బయలుదేరక ముందే మాట్లాడుకోవాలి. అద్దెకు దొరికే చేతికర్రను, ఎంత యువకులైనా సరే, చిన్నచూపు చూడకుండా తీసుకోండి. దాని అవసరం ఎక్కేటప్పుడు కంటే తడి బండల మీదుగా దిగేటప్పుడే ఎక్కువ.