విజయనగరంలో పెంపుడు జంతువుల క్లినిక్: కొన్నేళ్లు తిరిగాక రాస్తున్న సమీక్ష

కొన్నేళ్లుగా మా జిమ్మీకీ చిట్టికీ ఒకే డాక్టరు. జిమ్మీ లాబ్రడార్, చిట్టి పిల్లి, ఇంటి పెత్తనమంతా దానిదే. క్లినిక్ రింగు రోడ్డు వైపు ఒక సందులో ఉంది. పేరు రాయను. మెచ్చుకోలుతో పాటు చెప్పుకోవలసిన ఫిర్యాదులూ ఉన్నాయి, పైగా ఆ రెండు గదుల్లో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. మన ఊళ్లో కుక్కనో పిల్లినో కొత్తగా తెచ్చుకుని డాక్టరు కోసం వెతుకుతున్నవాళ్లకు ఏమేమి చూసుకోవాలో తెలిస్తే చాలు.

ఇక్కడికి రాకముందు మరో చోటికి వెళ్లేవాళ్లం. అద్దాల తలుపు, ఏసీ, గోడ నిండా షాంపూలు, బెల్టులు, ఎముక ఆకారపు బిస్కెట్లు. హంగులకు లోటు లేదు. కుక్క బల్ల ఎక్కేసరికే సిరంజిలో మందు సిద్ధంగా ఉండేది. "ఏమి ఇస్తున్నారండీ?" అని అడిగితే "జ్వరానికమ్మా" అనేవారు. ఏ జ్వరమో, ఏ మందో చీటీ చూసి తెలుసుకుందామంటే అసలు చీటీయే ఇవ్వరు. టీకా పుస్తకంలో తేదీ, సంతకం మాత్రం ఉండేవి. టీకా సీసా మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. దాన్ని ఒలిచి పుస్తకంలో అంటించడానికి అర నిమిషం పట్టదు. అంటించకపోతే, ఏ టీకా వేశారని రేపు మరో డాక్టరు అడిగినప్పుడు మనం తెల్లమొహం వేయాలి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కదా, వేసవిలో గంటల తరబడి కరెంటు పోతే మీ ఫ్రిజ్ సంగతేమిటని ఒకసారి అడిగాను. వినిపించనట్టు ఊరుకున్నారు. మేమూ వెళ్లడం మానేశాం.

ఇప్పటి క్లినిక్‌లో నాకు మొదట నచ్చింది తలుపు పక్కన నేల మీద ఉన్న తూకం యంత్రం. ప్రతిసారీ దాని మీద నిలబెట్టాకే లోపలికి పంపుతారు. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. "ఒక పాతిక కేజీలు ఉంటుందా?" అని మనల్నే అడిగి సూది వేసే చోట్లు చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. జిమ్మీకి మాత్రం ఆ యంత్రం అంటే అసలు పడదు. మూడు కాళ్లు పైన పెట్టి నాలుగోది కింద ఉంచుతుంది.

డాక్టరు మీద గురి కుదిరింది టిక్ ఫీవర్ వచ్చినప్పుడు, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజులు. జిమ్మీ గిన్నె వైపు చూడడం మానేసింది. లాబ్రడార్ అన్నం మానేసిందంటే ఇంటిల్లిపాదికీ గుండె దడే. ఈయన సిరంజి జోలికి పోలేదు. పై పెదవి ఎత్తి, చిగురును బొటనవేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు తిరగడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. "చూడండమ్మా, అసలు రంగే పాలిపోయింది" అని నాకూ చూపించారు. తర్వాత కాలివేళ్ల మధ్య వెంట్రుకలు విడదీశారు. అక్కడా, చెవి మడతలోనూ ఆముదం గింజల్లా ఉబ్బి అతుక్కుని ఉన్నాయి పిడుదులు.

రక్తం తీసి ల్యాబుకు పంపారు. ప్లేట్‌లెట్లు రెండు లక్షలకు పైన ఉండాల్సింది, లక్ష కూడా లేవు. పిడుదు కుట్టినప్పుడు రక్తంలో చేరే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి పని అని తేల్చి, నాలుగు వారాలకు డాక్సీసైక్లిన్ రాశారు. మందు పేరు, మోతాదు, పరగడుపున వేస్తే కక్కేస్తుంది కనుక అన్నం తిన్నాకే వేయాలన్న మాట, అన్నీ చదవగలిగే చేతిరాతలో ఉన్నాయి. డాక్టర్లలో ఇది అరుదు. నాలుగు రోజులు తిరగకుండా జిమ్మీ లేచి గేటు దగ్గర అరుపులు మొదలుపెట్టింది. "తగ్గిపోయింది కదా, ఇంకా మాత్రలెందుకమ్మా?" అన్నారు మా అత్తగారు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అంటారని డాక్టరు ముందే హెచ్చరించి పంపారు. మధ్యలో ఆపితే రోగం లోపలే నక్కి, నెలల తర్వాత తిరగబెట్టవచ్చు.

ఆయన అడిగిన మరో ప్రశ్న నేను ఊహించనిది. "కుక్క పడుకునే చోట గోడకు పగుళ్లు ఉన్నాయా?" పిడుదు బతుకులో ఎక్కువ భాగం గోడ సందుల్లోనే గడుస్తుంది, గుడ్లు పెట్టేదీ అక్కడే. కుక్కకు ఎంత మందు పూసినా ఆ సందులు వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పెరటి గోడకు సిమెంటు పూయించాం. కుక్క వైద్యానికి తాపీమేస్త్రీని పిలిచిన ఘనత మా ఇంటికే దక్కుతుంది.

జిమ్మీకి పిడుదుల మందు రాసే ముందు "ఇంట్లో పిల్లి కూడా ఉంది కదా?" అని గుర్తు చేసుకున్నారు. కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ పిల్లికి విషం. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం పోవడానికి. కుక్క మందులోనే కాస్త తగ్గించి పిల్లికి ఇచ్చే చోటు మీకు తగిలితే ఇంకో చోటు వెతుక్కోండి.

ఆ మధ్య జిమ్మీ వెనుక కాలు కుంటడం మొదలుపెట్టింది. "ఇది నా దగ్గర తేలేది కాదమ్మా, గరివిడి తీసుకెళ్లండి" అన్నారు. చీపురుపల్లి దగ్గరి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోది. విద్యార్థులకు నేర్పుతూ చూసే చోటు కనుక ఒక పూట పడుతుందనుకుని బయలుదేరాలి. తుంటి కీలు సమస్య అని తేలింది, లాబ్రడార్ జాతికి ఇది కొత్త కాదు. బరువు తగ్గించమన్నారు. నాకు ఆ రోగం పేరు కంటే మా డాక్టరు తన వల్ల కాదని చెప్పిన తీరే ఎక్కువ నచ్చింది. తెలియకపోయినా రోజుకో సెలైన్ ఎక్కిస్తూ వారం గడిపేవాళ్లు ఉన్నారు.

ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఆవులకూ గేదెలకే అనుకోవద్దు. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల మీద అవగాహన దినం) సందర్భంగా అక్కడ పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలుడికి రేబిస్ టీకా మొదలుపెట్టాడు. వీధికుక్కను చేరదీసినవాళ్లకు ఇది మంచి అవకాశం. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లో పాడి పశువుల కోసం.

ఇక మా క్లినిక్ మీద ఫిర్యాదులు. పార్వో అనే వైరస్ సోకి రక్తవిరేచనాలతో వచ్చిన కుక్కపిల్లకూ, మొదటి టీకాకు వచ్చిన కుక్కపిల్లకూ ఒకటే బెంచీ, ఒకటే నేల. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలి. ఈ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది నేల తుడిచే కుర్రాడికి. రెండు మూడు సార్లు గట్టిగా అన్నాక ఇప్పుడు బ్లీచింగ్ వాసన వస్తోంది. బెంచీ మాత్రం ఇంకా ఒక్కటే. టీకాలు పూర్తికాని పిల్లను (ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి) అక్కడ నేల మీద దించకండి, ఒళ్లోనే ఉంచుకోండి.

ఫీజు 300 రూపాయలు, అడిగితే తప్ప బిల్లు ఇవ్వరు. రాత్రి తొమ్మిది దాటితే ఫోను ఎత్తరు. దీపావళి రాత్రి టపాసుల మోతకు జిమ్మీ వణుకుతూ మంచం కింద దూరితే ఎన్నిసార్లు చేసినా పలకలేదు. మర్నాడు వెళ్లి నిష్ఠూరమాడాను. మరుసటి ఏడు పండుగకు ముందే రమ్మని చెప్పి, భయం తగ్గే మందు రాసిచ్చారు. ఫోను ఎత్తడం మాత్రం ఇప్పటికీ లేదు.

టోకెన్ల పద్ధతి లేదు కనుక ఉదయం తెరవగానే వెళ్లడం మేలు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మాత్రం అటు బయలుదేరకండి. ఊళ్లో దారులూ మూత, క్లినిక్కూ మూత.