సాతపడాలో ఊపిరి చప్పుడు

అమ్మకి ఆయాసం ముదిరిన ఆఖరి ఏడు నెలలూ బరంపురంలో నాన్న ఇంట్లో ఆక్సిజన్ మిషన్ రాత్రింబవళ్ళు నడిచింది. బుస్సుమని చప్పుడు, కాస్త ఆగి మళ్ళీ బుస్సు. పక్కనే మడత కుర్చీలో నాన్న. అమ్మ రొమ్ము ఎగిసిపడడం చూస్తూ నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టి, పాత క్యాలెండరు కాగితాల వెనకాల రాసుకునేవారు. ఆగస్టులో అమ్మ పోయింది. మిషన్ ఆపేశాం. అప్పట్నుంచి నాన్నకి నిద్ర లేదు. "ఇల్లు మరీ సద్దుమణిగిపోయిందమ్మా" అని రెండు మూడు సార్లు అన్నారు. తర్వాత ఆ మాటా మానేశారు. పిల్లలు పలకరిస్తే తల ఊపడమే.

డిసెంబర్‌లో ఆక్లాండ్ నుంచి తమ్ముడు ఒక వీడియో పంపాడు. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కైకోరా అనే ఊరుంది. అక్కడి సముద్రంలో వాడూ, మరదలూ, పాపా రబ్బరు సూట్లు తొడుక్కుని డాల్ఫిన్ల మధ్య ఈదుతున్నారు. డస్కీ డాల్ఫిన్లట, గుంపులు గుంపులుగా తిరుగుతాయి. అనుమతి ఉన్న పడవల వాళ్ళే మనుషుల్ని నీళ్ళలోకి దింపుతారు, పసి డాల్ఫిన్లున్న గుంపులోకి మాత్రం దిగనివ్వరు. నోట్లో గొట్టం పెట్టుకుని పాప ఏదో కూనిరాగం తీస్తుంటే ఒక డాల్ఫిన్ దాని చుట్టూ గిర్రున తిరిగింది. "అమ్మ పోయాక నేను తనివితీరా ఏడ్చింది ఆ నీళ్ళలోనే అక్కా. నాన్నని కూడా ఓసారి డాల్ఫిన్ల దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

మనకి అంత దూరం పోనక్కర్లేదు, ఒడిశా తీరంలో చిలికా సరస్సు ఉంది. కాని ఇక్కడ వాటితో ఈదడం ఉండదు, ఉండకూడదు కూడా. చిలికాలోవి ఇరావడీ డాల్ఫిన్లు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పులిని పెట్టిన మొదటి షెడ్యూల్లోనే వీటినీ పెట్టారు. ఇంత పెద్ద సరస్సులో ఉన్నవి 150కి అటూ ఇటూ. డాల్ఫిన్లని పట్టి తెచ్చి కొలనుల్లో ఆడించే ప్రదర్శనశాలలకి 2013లోనే కేంద్రం అనుమతి లేదని చెప్పేసింది. న్యూజిలాండ్‌లో కూడా బే ఆఫ్ ఐలాండ్స్ దగ్గర బాటిల్‌నోజ్ డాల్ఫిన్లతో ఈదడం 2019లో ఆపేశారు. మనుషులు అదేపనిగా వెంటపడితే వాటికి తిండికీ విశ్రాంతికీ వేళ ఎక్కడుంటుంది? ఇదంతా చెప్తే తమ్ముడు "దిగొద్దులే, దూరం నుంచి చూపించు చాలు" అన్నాడు.

డాల్ఫిన్లు రోగాలు కుదురుస్తాయని జరిగే ప్రచారం నేను నమ్మను, దానికి గట్టి రుజువులు లేవు. నాన్నది రోగమూ కాదు. ఆయన ఆ కుర్చీ వదిలి రెండు రోజులు బయటికొస్తే చాలనుకున్నాను.

జనవరి నాలుగో వారంలో, సెలవులు లేని రోజులు చూసుకుని బయల్దేరాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, నాన్న. మొదటి రాత్రి రంభలో, ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లో ఉన్నాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేను రంభే చెప్తాను. బరంపురం నుంచి హైవే మీద గంట ప్రయాణం, మలుపుల్లేవు, సరస్సు ఎదురుగానే ఉంటుంది. కుర్చీ వేసుకుని కూర్చున్నా పొద్దుపోతుంది. పడవలో దీవులు చూసి రావచ్చు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ మీద ఖల్లికోట రాజాగారి పాత బంగళా శిథిలాలు, బీకన్ ఐలాండ్‌లో బండరాయి మీద కట్టిన స్తంభం పిల్లలకి బాగా నచ్చాయి. కాని డాల్ఫిన్ల కోసమైతే ఇటు ఆశ పెట్టుకోవద్దు. సరస్సు అవతలి ఒడ్డున సాతపడా అనే ఊరుంది, సముద్రం నీళ్ళు వచ్చిపోయే ఆ వైపు కాలవల్లోనే అవి ఎక్కువ.

రెండో రోజు హైవే మీద ఖుర్దా వైపు పోకుండా, పాలూరు, మాలుద, కృష్ణప్రసాద్ మీదుగా జన్హికుడా వెళ్ళే ఊళ్ళ దారి పట్టాం. హుమ్మా దగ్గర ఉప్పుమడుల్లో ఉప్పు కుప్పలు పోసి ఉన్నాయి. పాలూరు రాగానే నేను అద్దంలో నాన్న మొహం చూశాను. పాతకాలపు గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ రాసిన పలూరా రేవు ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. బళ్ళో పాతికేళ్ళ పైన చరిత్ర చెప్పిన మనిషి మా నాన్న. మా చిన్నప్పుడు బస్సు ఇటు తిరిగిందంటే చాలు, మాకు పాఠం మొదలయ్యేది. ఈసారి ఊరి బోర్డు చూశారు, కళ్ళు తిప్పేసుకున్నారు.

జన్హికుడా దగ్గర కారుని ఫెర్రీ ఎక్కించి సాతపడా దాటించుకోవచ్చు. మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు, పెళ్ళివారి సామాను, అన్నీ అందులోనే. మంచి సర్వీసు, సిబ్బంది నాన్నకి చెయ్యిచ్చి ఎక్కించారు. ఒక్కటే జాగ్రత్త, ఆఖరి ట్రిప్పు వేళ ముందే కనుక్కోండి. తప్పిపోతే వచ్చిన దారినే వెనక్కి పోయి సరస్సంతా చుట్టి రావాలి.

బస విషయంలో దెబ్బతిన్నాం. జెట్టీకి దగ్గర్లోనే ప్రభుత్వ యాత్రినివాస్ ఉంది, ఆలస్యంగా అడిగాం కాబట్టి దొరకలేదు. ఒక ప్రైవేటు లాడ్జి వాళ్ళు ఫోన్లో అన్నిటికీ "ఉంది" అన్నారు. వెళ్ళి చూస్తే వేడినీళ్ళు లేవు, వెస్టర్న్ టాయిలెట్ లేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి ఉన్నారని రెండుసార్లు చెప్పి మరీ బుక్ చేశాను. నాన్న ఏమీ అనలేదు, గోడ పట్టుకుని లేచారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దవాళ్ళతో వెళ్తే బాత్రూం ఫోటో పంపమని అడిగి, చూశాకే డబ్బు కట్టండి. మొహమాటపడొద్దు.

ఆ సాయంత్రం మొదటి పడవ. "డాల్ఫిన్ కనబడకపోతే డబ్బు వాపసు" అన్నవాడి పడవ ఎక్కడం మా పొరపాటు. నీళ్ళమీద నల్లగా ఒక వీపు తేలగానే నాలుగు పడవలు నాలుగు వైపుల నుంచి దాని మీదికి ఉరికాయి. డీజిలు పొగ, కేకలు, సెల్‌ఫోన్లు. ఆ వీపు మళ్ళీ పైకి రాలేదు. నాన్న రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. అక్కణ్ణుంచి ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్ళి ఆల్చిప్ప పగలగొట్టి "ముత్యం" తీసి చూపించే వాళ్ళకి మమ్మల్ని అప్పజెప్పారు. చచ్చినా కొనకండి. డబ్బు సంగతి అలా ఉంచండి, పడవల పంకాలు తగిలీ వలల్లో చిక్కుకునీ డాల్ఫిన్లు చచ్చిపోతున్న సరస్సిది. తరిమి చూపించే పడవకి మనమిచ్చే ప్రతి రూపాయీ ఆ తరుముడికే పోతుంది.

రాత్రి టీ కొట్టు దగ్గర మా ఆయనకి ఇంకో పడవాయన తగిలాడు. వయసు అరవై ఉంటుంది, అత్తవారిది గోపాలపురం కాబట్టి తెలుగు వచ్చు. "ఇంజను ఆపి కూర్చుంటాను. కనబడితే కనబడతాయి, లేకపోతే లేదు. మీకు ఓపిక ఉందా?" అని అడిగాడట. ఆ మాటకే మామూలు రేటు మీద 500 ఎక్కువ ఇస్తామన్నాం.

పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే బయల్దేరాం. మంచు తెర ఇంకా వీడలేదు. వలకట్లు దాటాక ఆయన ఇంజను ఆపేసి, వెదురు గెడ నీళ్ళలో గుచ్చి పడవని దానికి కట్టాడు. "టికే రుహ, మౌసా" అన్నాడు నాన్నతో, కాస్త ఆగండని.

పావుగంట గడిచింది. చిన్నాడు నా చెంగు లాగుతున్నాడు. అప్పుడు ఎడమ పక్కన, పడవకి పదిహేను ఇరవై మీటర్ల దూరంలో వినబడింది. ఫూ... మని గాలి వదిలి, వెంటనే పొట్టిగా లోపలికి లాక్కున్న చప్పుడు. ముందు చప్పుడే, తర్వాత కళ్ళు అటు తిరిగేసరికి గుండ్రటి బూడిదరంగు తల. దీనికి బొమ్మల్లో డాల్ఫిన్‌కి ఉండే ముక్కు ఉండదు, మొహం కుండలా నున్నగా ఉంటుంది. వీపు మీద చిన్న రెక్క. గాల్లోకి ఎగరలేదు. మెల్లగా పైకొచ్చి, ఊపిరి తీసుకుని, నీరు చిట్లకుండా దిగిపోయింది. దాని పక్కనే ఇంకో ఊపిరి, చిన్నది, తొందర తొందరగా. తల్లీ పిల్లా.

నేను నాన్న వైపు చూశాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. ముందు జపం అనుకున్నాను. చెయ్యి చూశాక తెలిసింది, వాచీ మీద వేలు పెట్టి సెకన్లు లెక్కపెడుతున్నారు. అమ్మ మంచం పక్కన కూర్చున్నట్టే ముందుకి వంగి కూర్చున్నారు. జేబులోంచి ఫెర్రీ టికెట్ తీసి వెనకాల రాశారు. 70. మళ్ళీ ఫూ అని వినబడింది. 95. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నాన్న ఊపిరి బిగబట్టారు, ఆయన మెడ నరం నాకు కనబడుతోంది. నాకు భయం వేసింది, అనవసరంగా తీసుకొచ్చానా అని. ఫూ. కుడి పక్కన, ఇంకాస్త దూరంగా. "నూట ముప్ఫై" అన్నారు నాన్న, పైకే. ఆ తర్వాత పడవాయనతో ఒడియాలో, "ఎంతసేపు లోపలున్నా మళ్ళీ వస్తుంది కదూ?" అని అడిగారు.

"రావాలి మౌసా. చేప కాదు కదా, గాలికి పైకి రావాల్సిందే."

నాన్న ఏడ్చారు. శబ్దం లేదు, టికెట్ మోకాలి మీద పెట్టుకుని అలా కూర్చున్నారు. ఎవరం మాట్లాడలేదు. పెద్దది వెళ్ళి ఆయన భుజానికి ఆనుకుంది. నీళ్ళలోకి దిగాలని మాలో ఎవరికీ అనిపించలేదు. గంటసేపు ఉన్నాం, తొమ్మిది సార్లు కనబడ్డాయి, వినబడ్డది అంతకంటే ఎక్కువ. వాటంతట అవే దగ్గరకొచ్చాయి, వాటంతట అవే పోయాయి.

తిరుగు దారిలో పడవాయన పాత సంగతులు చెప్పాడు. సముద్రం ముఖం పూడిపోయి సరస్సులో ఉప్పు తగ్గిపోయిన రోజుల్లో గుర్రపుడెక్క కమ్మేసిందట, చేప లేదట. 1993లో చిలికాని రామ్సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబర్‌లో సిపకుడా దగ్గర కొత్త ముఖం తవ్వి సముద్రానికి దారి ఇచ్చారు, 2002లో ఆ జాబితాలోంచి తీశారు. "అప్పుడు దీనికి ఊపిరాడింది మౌసా" అన్నాడు. నాన్న తల ఊపి, "ఏ నెల అన్నావు?" అని మళ్ళీ అడిగి, అదీ టికెట్ మీద రాసుకున్నారు.

వెళ్ళదల్చుకున్నవాళ్ళకి: నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, పొద్దున్నే వెళ్ళండి. పడవాళ్ళని రేటు కంటే ముందు "ఇంజను ఆపుతారా?" అని అడగండి. అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. శాలువా తీసుకెళ్ళండి, నీళ్ళ మీద చలి ఎముకల్లోకి వస్తుంది. ఒడ్డున చిన్న కొట్లలో పీత కూర, రొయ్యల వేపుడు అప్పటికప్పుడు చేసిపెడతారు, కారం తగ్గించమని ముందే చెప్పండి.

తిరుగు ప్రయాణం కూడా ఫెర్రీ మీదే, అదే దారిన. పాలూరు దగ్గర మా ఆయన నెమ్మది చెయ్యకుండా పోతుంటే నాన్న ముందుకి వంగి ఆయన భుజం తట్టారు. "అల్లుడుగారూ, ఓసారి ఆపండి."

దిగి, రోడ్డు పక్కన నిలబడి సముద్రం వైపు చెయ్యి చూపించారు. "ఇక్కడిదాకా ఓడలు ఒడ్డు పట్టుకునే వచ్చేవి. ఇక్కణ్ణుంచి ఒడ్డు వదిలేసి నడిసముద్రం మీద సువర్ణభూమికి పోయేవి" అన్నారు పిల్లలతో.

"ఎన్నాళ్ళు పట్టేది తాతా?" అని చిన్నాడు అడిగాడు.

"గాలిని బట్టి నాన్నా" అని మొదలుపెట్టారు.