బరోలో కొండల్లో, నాలుగు తరాల ద్రాక్షతోటలో మూడు రాత్రులు

2023 అక్టోబరులో నేను, నా భార్య ఇటలీ వాయవ్య ప్రాంతమైన పియెమోంతేలో అయిదు రోజులు ఉన్నాము. అందులో మూడు రాత్రులు లా మొర్రా ఊరికి దిగువన, నాలుగు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న చిన్న వైనరీలో, అంటే ద్రాక్ష పండించి వైన్ తయారుచేసే చోట, బస చేశాము.

టురిన్ నుంచి ఆల్బా పట్టణం దాకా రైలు ఉంది. ఆ తరువాత బరోలో, లా మొర్రా, సెర్రలుంగా వంటి కొండ ఊళ్ళు తిరగాలంటే కారు ఉండటమే మేలు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి. రక్తంలో మద్యం లీటరుకు 0.5 గ్రాములు దాటితే శిక్ష తప్పదు కాబట్టి, మేమిద్దరం రోజు మార్చి రోజు తాగకుండా ఉండి కారు నడిపాము.

ఆల్బాలో మొదటి రాత్రి ఉన్న హోటల్‌ను నేను ఎవరికీ సూచించను. తెల్ల ట్రఫుల్ అనే, నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగుల సంత జరిగే రోజులు కావడంతో అద్దె బాగా పెంచారు. ముందుగా మాట ఇచ్చిన పార్కింగ్ మాత్రం చూపలేదు. మరునాడు వెళ్ళిన ఒక పెద్ద వైనరీలో బస్సుల కొద్దీ వచ్చిన జనం మధ్య ఇరవై నిమిషాల్లో మూడు గ్లాసులు పోసి, ఏ తోటలోని పంటో కూడా చెప్పకుండా దుకాణం వైపు నడిపించారు.

మా బస దీనికి పూర్తిగా భిన్నం. తోటలో కొమ్మలు కత్తిరించే చేతులే అక్కడ గ్లాసులో వైన్ పోస్తాయి. మనకు ద్రాక్ష అంటే పందిరి గుర్తుకు వస్తుంది. హైదరాబాద్ పరిసరాల్లో అనాబ్-ఎ-షాహి ద్రాక్షను అలాగే పెంచేవారు. ఇక్కడ కొండవాలు మీద, ఊతకర్రలకు కట్టిన ఇనుప తీగల వెంట మొక్కలను వరుసలుగా పెంచుతారు. బరోలో ఊరి పేరే పెట్టుకున్న ఇక్కడి ఎర్ర వైన్‌కు వాడే నెబ్బియోలో రకం ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది. నెబ్బియా అంటే పొగమంచు. లోయలను పొగమంచు కప్పే రోజుల్లో కోతకు వస్తుంది కనుక ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు.

నేలమాళిగలో మనిషి కంటే ఎత్తయిన ఓక్ పీపాలు ఉన్నాయి. నిబంధన ప్రకారం బరోలో వైన్ 38 నెలలు నిలవ ఉండాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలోనే. 1980లలో ఈ పెద్ద పీపాల గురించే తండ్రులకూ కొడుకులకూ పోరు నడిచింది. ఇదే లా మొర్రాకు చెందిన వైన్ తయారీదారు ఎలియో అల్తారే 1983లో తండ్రి పాత పీపాలను రంపంతో కోసి చిన్న ఫ్రెంచి పీపాలు తెచ్చుకుంటే, ఆ తండ్రి అతనికి వారసత్వం లేకుండా చేశాడు. మాకు ఆతిథ్యమిచ్చిన ఇంట్లో పెద్ద పీపాలే నిలిచాయి.

నేను ఎక్కువగా అడిగి తెలుసుకున్నది పంపకాల సంగతి. ఇటలీ చట్టం పిల్లలకు ఆస్తిలో కొంత వాటాను తప్పనిసరి చేస్తుంది, తల్లిదండ్రులు వీలునామా రాసినా దానిని తీసివేయలేరు. తోట ముక్కలైతే వైనరీ నిలవదు. 2006లో వచ్చిన కుటుంబ ఒప్పందం చట్టం ప్రకారం, తండ్రి బతికి ఉండగానే వ్యాపారాన్ని ఒకరికి అప్పగించి, మిగిలిన వారికి వారి వాటా విలువను చెల్లించే ఏర్పాటు చేయవచ్చు. ఈ ఇంట్లో తోట పెద్దకూతురికి వచ్చింది. తమ్ముళ్ళిద్దరికీ ఆమె ఇంకా ఏటేటా డబ్బు కడుతూనే ఉంది. మా తాతగారి పొలం మూడు వాటాలై, గట్లు పడి, చివరకు అమ్ముడుపోవడం కళ్ళారా చూసినవాడిని కనుక, ఆమె ఆ లెక్క దాచకుండా చెబుతుంటే నా మనసు బరువెక్కింది.

గది మందపాటి గోడలతో, శుభ్రంగా, వెచ్చగా ఉంది. ఉదయం హేజల్‌నట్ కేకు, చీజ్, పండ్లు పెడతారు. రాత్రి భోజనం మాత్రం ఉండదు, ఊళ్ళోకి వెళ్ళాలి. శాకాహారులు రెండు విషయాలు గమనించాలి. ఇక్కడి ప్రసిద్ధ వంటకం తయారిన్ అనే సన్నని పాస్తాలో గుడ్డు సొనలు చాలా ఎక్కువ. కూరగాయలు ముంచుకుని తినే బాన్యా కౌదాలో చేపలు ఉంటాయి.

నాలుగు రకాల వైన్ రుచి చూడటానికి తలకు 25 యూరోలు తీసుకున్నారు. లా మొర్రా వైపు నేలలో పండినది మెత్తగా, సువాసనగా ఉండగా, సెర్రలుంగాది నాలుకను బిగపట్టేంత వగరుగా ఉంది. పక్కపక్కన పెట్టి రుచి చూపకపోతే ఈ తేడా నాకు తెలిసేది కాదు.

బరోలో కోటలోని వైన్ మ్యూజియానికి గంట చాలు. గ్రిన్జానే కావూర్ కోటకు మాత్రం సమయం ఇవ్వండి. ఇటలీ ఏకీకరణకు నాయకుడైన కావూర్ ఆ ఊరి మేయరుగా 17 ఏళ్ళు పనిచేశాడు.

మన దేశానికి సుంకం లేకుండా ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యమే తేవచ్చు కనుక నాలుగు సీసాలే కొన్నాము. మేము ఉండగా కోసిన పంట 2027 జనవరికి ముందు బరోలో పేరుతో అమ్మకానికి రాదు. దానిని రుచి చూడటానికి మళ్ళీ రమ్మని, సీసాలను కాగితాల్లో చుట్టి ఇస్తూ ఆ ఇంటి పెద్దాయన చెప్పారు.