వేడి వదలని కుండ: ఆరేళ్ల గంబో తర్వాత

ఈ కుండను నేను మెచ్చుకునేదీ, తిట్టుకునేదీ ఒకే గుణానికి. వేడి పట్టిందంటే వదలదు. ఎన్ని రంగుల్లో వస్తుంది, ఓవెన్‌లో పెట్టొచ్చా లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. పింగాణీ పూత ఉన్న పోత ఇనప కుండ, ఆరు క్వార్ట్లది (ఐదున్నర లీటర్ల పైన పడుతుంది), మూతతో కలిపితే ఆరు కిలోల పైమాటే. 2019 డిసెంబరులో కొన్నాం. మేముండేది లూసియానాలో, బాటన్ రూజ్‌లో. బిర్యానీ కోసమని తెచ్చాం గానీ, మూడు నెలలు తిరిగేసరికి ఇంట్లో దానికి 'గంబో కుండ' అనే పేరు పడిపోయింది. గంబో అంటే ఇక్కడి వాళ్లు అన్నంలో వేసుకుని తినే చిక్కటి పులుసు లాంటి వంటకం.

ముందు మంచి మాట. ఈ ఊళ్లో ఎవరింటి గంబో ఎలా ఉందో రూ దగ్గరే తేల్చేస్తారు. రూ అంటే రూపాయల రూ కాదు, నూనెలో వేయించిన మైదా. కప్పు నూనెకు కప్పు మైదా, మధ్యస్తంగా మంట, ముప్పావుగంట దాకా చెయ్యి ఆపకుండా తిప్పడం. తెల్లటి ముద్ద కాస్తా వేరుశనగ ముద్ద రంగుకు వస్తుంది, అక్కణ్నుంచి రాగి పైసా రంగు, ఆ తర్వాత చాక్లెట్. సీఫుడ్ గంబోకి చాలామంది రాగి పైసా దగ్గర ఆపేస్తారు, మేం ఇంకో నాలుగడుగులు ముందుకు వెళ్తాం. సున్నుండలకు మినప్పప్పు వేయించేటప్పుడు ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది చూడండి, రూ వాసన దానికి దగ్గర్లో ఉంటుంది. మధ్యలో ఒక్క నల్ల నలుసు కనిపించిందా, అది పారబోసి మళ్లీ మొదలుపెట్టుకోవాల్సిందే. మాడు వాసన ఎన్ని రొయ్యలు వేసినా పోదు.

అంతకు ముందు మా దగ్గరున్నది పల్చటి స్టీలు గిన్నె. అందులో ఒక్క శీతాకాలంలో నాలుగుసార్లు రూ మాడ్చాను, రెండుసార్లు పొగ అలారం మోగింది. ఈ కుండలో మొదటిసారే నలుసు లేకుండా వచ్చింది. అడుగు మందం కాబట్టి వేడి ఒకేచోట గుచ్చుకోదు, నెమ్మదిగా అంతటా పరుచుకుంటుంది. లోపలి పూత మీగడ రంగులో ఉండటం వల్ల రూ ఏ రంగుకు వచ్చిందో కంటికి తెలుస్తుంది. నల్లటి ఇనప కుండలు వాడేవాళ్లు చెంచాతో తీసి తెల్ల ప్లేటు మీద వేసి చూసుకుంటుంటారు, ఆ బాధ మాకు లేదు.

రొయ్యల విషయంలో ఇంకా బాగుంటుంది. గంబో అంతా మరిగాక స్టవ్ కట్టేసి రొయ్యలు, ఆయిస్టర్లు (ఆల్చిప్పల మాంసం) వేసి ఎనిమిది నిమిషాలు మూత పెడితే చాలు, కుండ వేడికే ఉడికిపోతాయి. రొయ్య రబ్బరులా సాగదు. ఈ కిటుకు తెలిసింది 2021 ఆగస్టులో ఐడా తుఫాను వచ్చినప్పుడు. 29న కరెంటు పోయింది. ఫ్రీజర్ కరిగిపోతుంటే ఈ ప్రాంతంలో అందరూ చేసే పనే మేమూ చేశాం, లోపలున్నవన్నీ బయటికి తీసి పెరట్లో ప్రొపేన్ పొయ్యి మీద వండేశాం. సిలిండర్ ఎక్కడ అయిపోతుందోనని మంట ముందే ఆపేశాను. అయినా రొయ్యలు సరిగ్గా ఉడికాయి. అంత పెద్ద మంట మీద పింగాణీ కుండ పెట్టకూడదట. కింద పట్టిన నలుపు ఇప్పటికీ వదల్లేదు, దానికి కుండను అననులెండి.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఐదు చుక్కలు ఇచ్చి లేచిపోవచ్చు. 2022 క్రిస్మస్ సంగతి చెప్పకపోతే మాత్రం అబద్ధం రాసినట్టే.

ఆ శీతాకాలం మా అత్తయ్యగారు, మామయ్యగారు భీమవరం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం పన్నెండు మందిని భోజనానికి పిలిచాం. ముందురోజు సాయంత్రం అందరం వంటింట్లో చేరాం. మా ఆవిడ ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం తరిగింది (ఈ మూడింటినీ కలిపి ఇక్కడ 'హోలీ ట్రినిటీ' అంటారు). అత్తయ్యగారు బెండకాయలు చక్రాల్లా కోసి, జిగురు పోయేదాకా విడిగా వేయించారు. గంబో అనే మాటే ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు నుంచి వచ్చిందని చెప్తే, "అయితే ఇది మన బెండకాయ పులుసేనన్నమాట" అని తేల్చేశారు. మామయ్యగారికి రొయ్యల చెరువులున్నాయి. మెక్సికో గల్ఫ్‌లో పట్టిన, తలలు తీయని రొయ్యలు ఐదు పౌండ్లు తెచ్చి ఆయన ముందు పెడితే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తూకం వేసినట్టు చూశారు. తలలు, పెంకులు వలిచి విడిగా మరిగించి ఆ నీళ్లు గంబోలో పోశాం. పీత మాంసం రెండు పౌండ్లు, ఆయిస్టర్లు ఒక డబ్బా. రూ నేను తిప్పాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి పక్కనే స్టూలెక్కి రంగు ప్రకటిస్తూ ఉంది.

రాత్రి పదిన్నరకు పూర్తయింది. అత్తయ్యగారు రంగు చూసి ఉలవచారులా ఉందన్నారు. తలా ఒక గరిటె అన్నంలో వేసుకుని రుచి చూశాం. ఆరేళ్లలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఇక దాన్ని రాత్రికి ఎక్కడ పెట్టాలి? గంబో మర్నాటికి రుచిగా ఉంటుందని ఇక్కడి వాళ్లంతా అంటారు. కుండా గంబో కలిపి పన్నెండు కిలోలు, సెగలు కక్కుతోంది, ఫ్రిజ్‌లో మర్నాటి కేకులు నిండి ఉన్నాయి. నేను తటపటాయిస్తుంటే అత్తయ్యగారు, "అల్లుడుగారూ, చేపల పులుసు మర్నాటికే కదండీ బాగుండేది. కదపకండి, పొయ్యి మీదే ఉండనివ్వండి" అన్నారు. నాకూ కావాల్సింది అదే. మూత పెట్టేసి పడుకున్నాను. ఒంటిగంటన్నరకు మంచినీళ్లకని లేచినప్పుడు మూత మీద చెయ్యి వేస్తే ఇంకా వేడిగానే ఉంది. భలే కుండ అని మెచ్చుకున్నాను కూడా. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పొద్దున ఆరున్నరకు అత్తయ్యగారు మూత తీశారు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అన్న గొంతు విని నేనూ లేచి వచ్చాను. అంచుల వెంట సన్నటి నురగ కట్టి ఉంది. మధ్యలో ఒక బుడగ తీరిగ్గా పైకొచ్చి పగిలింది, దాని పక్కనే ఇంకొకటి. స్టవ్ ఆపేసే ఉంది. వాసన మితిమీరి పులిసిన దోసెల పిండిలా ఉంది. ఇంకోసారి మరిగిస్తే సరిపోతుందేమోనని అత్తయ్యగారు ఆశపడ్డారు. మా ఆవిడది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, ఆ మాట ఆమె దగ్గర చెల్లలేదు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషాలు మరిగించినా పోవు. పీతలు, రొయ్యలు, ఆయిస్టర్లు అన్నీ కలిపి నూట యాభై డాలర్ల సరుకు రెండు చెత్త సంచుల్లోకి వెళ్లింది. మా అమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఆ మూడు రోజులూ లూసియానాలో గడ్డకట్టే చలి. పైపులు గడ్డకట్టి పగులుతాయని రాత్రంతా కుళాయిలు సన్నగా వదిలి ఉంచాం. కుండను పెరటి మెట్ల మీద పెట్టినా తెల్లారేసరికి చల్లగా, క్షేమంగా ఉండేది. మేం హీటరు వేసుకున్న వెచ్చటి వంటింట్లో మూత పెట్టి మరీ దాచాం.

ఎక్కడ పొరపాటు జరిగిందో తర్వాత తీరిగ్గా ఆలోచించుకున్నాం. చేపల పులుసులో చింతపండు ఉంటుంది, ఆ పులుపు దాన్ని కాస్త కాపాడుతుంది. మన మట్టి చట్టి, పైన ఓరగా పెట్టిన పళ్లెం, పడుకునే వేళకే చల్లారిపోతుంది. గంబోలో పులుపు లేదు. మైదా, బెండకాయ, రొయ్యల తలల రసం కలిసి చిక్కగా ఉంటుంది, చిక్కటిది త్వరగా చల్లారదు. పైగా ఈ కుండ. ఆహారం 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతాయి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయమంటారు. మా కుండ మాత్రం తెల్లవార్లూ దాన్ని సరిగ్గా ఆ వెచ్చదనంలోనే జోకొట్టింది.

క్రిస్మస్ రోజు షాపులు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. ఫ్రీజర్ అడుగున వెతికితే రెండేసి పౌండ్ల రొయ్యల ప్యాకెట్లు రెండు దొరికాయి. మామయ్యగారు ఒకటి తిప్పి చూశారు. 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా'. ఆయన మొహం వెలిగిపోయింది. "21/25 అని వేశారేంటి?" అని అడిగితే, ఇక్కడ కౌంట్ (ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) కిలోకి కాదు, పౌండుకి అని చెప్పాను. నోటితోనే లెక్క కట్టేశారు. "అంటే కిలోకి యాభై. తలలు తీసేశాక కదా, చెరువులో అయితే ముప్పై, ముప్పై రెండు కౌంట్ సరుకు. రైతుకి మంచి రేటే వచ్చుంటుంది" అన్నారు. తర్వాత చొక్కా చేతులు మడిచి రూ తిప్పడానికి ఆయనే నిలబడ్డారు. ముప్పావుగంట గరిటె ఆపలేదు. పీతలు లేవు, తలలు లేవు, ప్యాకెట్ రొయ్యల పెంకులతోనే రసం తీశాం.

విదేశీ రొయ్యలు వాడితే ఆ సంగతి మెనూలో చెప్పాలని లూసియానాలో హోటళ్లకు చట్టం ఉంది. ఇక్కడి గల్ఫ్ జాలర్లకు మన చెరువు రొయ్యలంటే కడుపుమంట, అందులో న్యాయం లేకపోలేదు. మాకు మెనూ లేదు కాబట్టి ఎవరైనా అడిగితే తప్ప చెప్పకూడదని అనుకున్నాం. మామయ్యగారు మొదటి గిన్నె వడ్డిస్తూనే చెప్పేశారు. పక్కింటి పెద్దావిడ ఇదే రాష్ట్రంలో లాఫయెట్ వైపు కేజన్ (ఫ్రెంచ్ మూలాలున్న ఇక్కడి జనం) కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. రెండు చెంచాలు తిని, "రూ బాగుంది. పీతలేవి?" అంది. జరిగింది చెప్పాం. నవ్వలేదు. వేడి గంబో మీద మూత పెట్టడం ఎవరు నేర్పారని అడిగింది. వాళ్లింట్లో నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన శుభ్రంగా కడిగి, గంబోలో దించి తిప్పుతారట. తర్వాత వెడల్పాటి గిన్నెల్లోకి వంపేసి ఫ్రిజ్‌లో పెడతారు.

ఇప్పుడు మేమూ అంతే చేస్తాం. రెండు సీసాలు, సింకులో ఐసు నీళ్లు, నాలుగు గిన్నెలు. గంబో వండటం ఎంతో, చల్లార్చడం అంత పని. వేడి నిలుపుకునే కుండ అని మురిసి కొన్న మనిషిని, రాత్రి పదకొండింటికి ఆ వేడి దించడానికి ఐసు మోస్తుంటాను.

రూ గురించి పైన రాసిందాంట్లో కూడా కాస్త తగ్గించుకోవాలి. నలుసు లేకుండా వస్తుందన్నాను కదా, అది అడుగు పది నిమిషాలు సన్నమంట మీద ముందే కాగితేనే. మాది గాజు పలకల ఎలక్ట్రిక్ స్టవ్, తొందరపడి మంట పెంచితే మధ్యలో గుండ్రంగా మాడుతుంది. కావాల్సిన రంగు వచ్చాక స్టవ్ ఆపితే సరిపోదు, కుండ వేడికి రూ ఇంకా నల్లబడుతూనే ఉంటుంది. మొదటి ఏడాది రెండుసార్లు అలా చేజారింది. ఇప్పుడు ఒక మెట్టు ముందే ఆపి, తరిగిన ఉల్లిపాయలు గబగబా పోసేస్తాం. నాలుగో ఏట అంచు దగ్గర పింగాణీ ఒక పెచ్చు ఊడింది, సింకు కుళాయికి తగిలి. కంపెనీకి రాయలేదు, తప్పు నాదే.

కొనమంటారా అంటే, మీ ఇంటిని బట్టి ఉంటుంది. రూ తిప్పే అలవాటు, ఆరుగురు తినే ఇల్లు, వారానికోసారి బిర్యానీ ఉంటే ఖర్చు గిట్టుబాటే. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, చిన్న ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఆలోచించుకోండి. మా ఆవిడ ఇప్పటికీ ఖాళీ కుండనైనా రెండు చేతులా మోయలేక నన్ను పిలుస్తుంది. ఇద్దరే ఉండే ఇంటికైతే సగం సైజుది చాలు, అది త్వరగా చల్లారుతుంది కూడా.

మా ఇంట్లో ఇప్పుడు పని పంపకం ఇంకా మారలేదు. తరగడం మా ఆవిడ, రూ నేను. మా అమ్మాయికి పన్నెండు నిండాయి, స్టూలు అక్కర్లేదు. రొయ్యలు వేశాక గడియారం చూస్తూ నిలబడి, ఎనిమిది నిమిషాలు కాగానే మూత తీసి, గుడ్డతో పట్టుకుని తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టి వస్తుంది. మళ్లీ అక్కడి దాకా వెళ్లి తెచ్చేంత ఓపిక నాకుండదని ఆ పిల్లకు తెలుసు.