బనశంకరి గుడి ముందు అమ్మే నిమ్మడిప్పల దీపం సెట్టు: డిప్పలు కొనొచ్చు, నూనె మాత్రం వద్దు

బెంగళూరు కనకపుర రోడ్డులో బనశంకరమ్మ గుడి ముందు మంగళ, శుక్ర, ఆదివారాల్లో ఎటు చూసినా నిమ్మడిప్పల దీపం సెట్లే. ఒక పళ్లెంలో తిరగేసిన డిప్పలు, ఒత్తులు, చిన్న నూనె ప్యాకెట్టు, చిటికెడు పసుపు కుంకుమ, నాలుగు పూలు. వట్టి చేతులతో దిగినవాళ్లకు బాగానే పనికొస్తుంది. అయితే మొత్తానికి కలిపి ఒకే మార్కు వేయడం కుదరదు. డిప్పలు ఏరుకుని తీసుకుంటే ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. నూనెకు ఒకటి ఇచ్చినా ఎక్కువే.

ఈ గుడి 1915లో సోమణ్ణ శెట్టి అనే భక్తుడు కట్టించింది. అమ్మవారి మూలస్థానం మాత్రం ఇక్కడ కాదు, బాగల్‌కోట జిల్లా బాదామి దగ్గరి చోళచగుడ్డ. ‘బన’ అంటే వనం, అడవిలో వెలసిన శంకరి. ఆమే శాకంభరి. కరువులో తన ఒంటినుంచి పుట్టిన కూరలతో లోకాన్ని పోషిస్తానని దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో చెప్పిన తల్లి. దుర్గముడనే రాక్షసుణ్ణి చంపి దుర్గ అనిపించుకుంటానని చెప్పేదీ అక్కడే. కూరలతో పోషించే తల్లి కాబట్టే బాదామిలో పుష్యమాసపు జాతరకు నూటెనిమిది రకాల కూరలు వండి నైవేద్యం పెడతారు. దేవాంగులకు ఈమె కులదైవం. చౌడమ్మను కొలిచే మన రాయలసీమ దేవాంగులు బెంగళూరు వస్తే ఈ గుడి మెట్లు ఎక్కకుండా పోరు.

రాహుకాలంలో గడప దాటని ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక్కడి పద్ధతి మొదట వింతగానే ఉంటుంది. రాహుదోషానికి దుర్గను ఆశ్రయించమంటారు కాబట్టి, అందరూ వద్దనుకునే ఆ గంటన్నరే ఇక్కడ పూజావేళ. క్యాలెండర్ లెక్కన ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6, మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి 4:30, శుక్రవారం ఉదయం 10:30 నుంచి 12. ఈ లెక్క సూర్యోదయం 6కి, అస్తమయం 6కి అనుకుని వేసింది. అసలు పద్ధతి పగటిని ఎనిమిది భాగాలు చేయడం. శుక్రవారానికి నాలుగో భాగం, మంగళవారానికి ఏడోది, ఆదివారానికి ఎనిమిదోది. జనవరి నడుమ బెంగళూరులో పొద్దు పొడిచేది సుమారు 6:45కి. కాబట్టి అప్పుడు శుక్రవారం రాహుకాలం దాదాపు 11కి మొదలై 12:30కి ముగుస్తుంది. క్యాలెండర్ నమ్మి పదిన్నరకే వెలిగిస్తే పంచాంగం ప్రకారం తొందరపడ్డట్టే.

ఇక డిప్పల సంగతి. కాయను తొడిమవైపునుంచి నిలువుగా కాకుండా అడ్డంగా, ఒక్క కోతలో కోయాలి. రసం పిండి, గింజలు తీసి, బొటనవేళ్లతో నడిమి భాగాన్ని నొక్కుతూ లోపలిది బయటికి తిప్పాలి. అప్పుడు పసుపుపచ్చని తొక్క లోపలికి పోయి గిన్నె అవుతుంది. ఇది అలంకారం కోసం చేసేది కాదు. తొక్క నున్నగా ఉండి నూనె పీల్చదు, లోపలి తెల్లపొర దూదిలా పీల్చేస్తుంది. తిప్పకుండానే నూనె పోసిన డిప్పలో దీపం త్వరగా కొండెక్కేది అందుకే. ఆకుపచ్చగా, గట్టిగా ఉన్న కాయ తిప్పుతుంటే అంచు చీలుతుంది. పండి, రెండు మూడు రోజులు ఆరిన కాయైతే మాట వింటుంది. కోసేముందు అరచేతి కింద పెట్టి దొర్లిస్తే ఇంకా మంచిది.

అమ్మేవాళ్లు పొద్దున్నే తిప్పి పెట్టేస్తారు. శుక్రవారానికి అది సరిపోతుంది. మంగళవారం మూడింటికి వచ్చేసరికి అంచులు ఎండి ముడుచుకుంటాయి, ఆదివారం సాయంత్రానికి మరీను. కాబట్టి కొనేముందు డిప్పను వెలుతురుకు పట్టి చీలిక ఉందేమో చూడండి. అడుగున వేలు పెట్టి తడి ఉందేమో కూడా చూడండి. రసం మిగిలితే నూనె కింద చేరి, వేడికి ఆవిరై చిటపటమని చిందుతుంది. శుభ్రమైన గుడ్డతో ఒక్కసారి ఒత్తితే ఆ గొడవ ఉండదు.

నూనె ప్యాకెట్టు మీద అక్షరాలు చదవండి. ‘దీపానికి మాత్రమే, తినడానికి కాదు’ అని ఉంటే అది చాలాసార్లు వాసన కలిపిన మిశ్రమమే. నల్లటి పొగ, మసి. నువ్వులనూనె కావాలంటే కన్నడంలో ‘ఎళ్ళెణ్ణె’ అని అడగాలి. ఉత్త ‘ఎణ్ణె’ అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నెయ్యికి ‘తుప్ప’. నెయ్యి పేరుతో వచ్చే తెల్లటి ముద్ద చాలాసార్లు డాల్డానే. డిప్పకు చిన్న చెంచాడు నూనె చాలు కాబట్టి ఇంటినుంచి చిన్న సీసాలో తెచ్చుకోవడమే మేలు. ఒత్తులు కూడా ఇంట్లోనే నానబెట్టుకోండి. పొడి ఒత్తిని అప్పటికప్పుడు నూనెలో పెట్టి వెలిగిస్తే ముందు దూది కాలుతుంది, తర్వాతే నూనె ఎక్కుతుంది. రెండు పోగులు కలిపి పేని, కొసను బియ్యపుగింజంత మాత్రం బయట ఉంచాలి. ఎక్కువ ఉంచితే మంట పెద్దదై తొక్క అంచు మాడుతుంది.

పళ్లెం విషయంలో కక్కుర్తి పడొద్దు. కాగితం పళ్లెంలో ఒత్తి జారిందంటే పళ్లెమే అంటుకుంటుంది. ఇత్తడిదో స్టీలుదో ఉత్తమం. దీపాలు కిందనే ఉంటాయి, వంగి వెలిగించేటప్పుడు కొంగు దోపుకోండి. చున్నీ ముడి వేసుకోండి.

ఒక కాయకు రెండు దీపాలు. తొమ్మిది దీపాల మొక్కైతే ఐదు కాయలు, ఒక చెక్క మిగులుతుంది. అంతటి పని ఇంట్లోనే పెట్టుకున్నవాళ్లకు ఒక లాభం: ఐదు కాయల రసం. సెట్టు కొంటే అది అమ్మేవాళ్ల బకెట్లో పోతుంది. ఇంట్లో పిండితే ఆ పూట పులిహోర.