చిన్న బడ్జెట్‌లో పాత స్పోర్ట్స్ కారు: 1993 మియాటాతో ఇన్నేళ్లు

"పాత స్పోర్ట్స్ కారు కొనాలనుంది, చేతిలో ఏడెనిమిది వేల డాలర్లే ఉన్నాయి, ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: మొదటి తరం మాజ్డా మియాటా, టాప్ మడిచి నడిపే రెండు సీట్ల చిన్న జపాన్ కారు. నాది 1993 మోడల్, ఎరుపు రంగు, 1.6 లీటర్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. రిటైరైన ఒక టీచరమ్మ దగ్గర 2017లో 5,200 డాలర్లకి తీసుకున్నాను. అప్పటి రేట్లు ఇప్పుడు లేవు. అయినా సరే, ఎనిమిది వేలుంటే ఆరు వేలు కారుకి పెట్టి రెండు వేలు పక్కన ఉంచుకోవాలి. ఉన్నదంతా కారుకే పోసినవాడు మొదటి రిపేరు రాగానే దాన్ని అమ్మకానికి పెడతాడు.

జర్మన్ కారు పోర్షా 944, పాత బ్రిటిష్ కారు ఎంజీబీ కూడా చూశాను. 944 కొనడం తేలికే, పోషించడమే కష్టం. ఇంజన్ వాల్వుల్ని సమయానికి తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్ తెగిందంటే ఆ వాల్వులు వంగిపోతాయి, ఆ రిపేరు బిల్లు కారు ధరని దాటుతుంది. ఎంజీబీ చాలా అందమైన కారు, కానీ ఆదివారం పొద్దున్నే కార్బురేటర్లతో కుస్తీ పట్టడం నా వల్ల కాదు. మియాటా తయారు చేసినవాళ్లు అరవైల నాటి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ రోడ్‌స్టర్లనే (టాప్ లేకుండా నడిపే రెండు సీట్ల కార్లనే) దృష్టిలో పెట్టుకున్నారు. ఆయిల్ కారడం, కరెంటు తంటాలు మాత్రం అక్కడే వదిలేశారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో విడుదలైనప్పుడు దీని ధర 13,800 డాలర్లు. మొదటి తరమే నాలుగు లక్షలకు పైగా తయారైంది. దానికి తోడు అమెరికాలో ఈ కార్లతోనే నడిచే స్పెక్ మియాటా రేసులున్నాయి. అందుకే ముప్పై ఏళ్లు దాటినా స్పేర్ పార్టులు దొరుకుతున్నాయి, అదీ చవగ్గా. మాజ్డా కూడా 2017లో జపాన్‌లో ఈ మొదటి తరం కార్లకి రిపేరు పథకం ప్రకటించి, ఆగిపోయిన కొన్ని పార్టులు మళ్లీ చేయించింది.

ఏ సంవత్సరం మోడల్ కొనాలన్నది ముఖ్యం. 1990, 91 తొలి కార్లలో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిగా ఉంటుంది. అక్కడ బోల్టు సరిగ్గా బిగించకపోతే పుల్లీని పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క (దాన్ని కీ అంటారు) అరిగిపోయి పుల్లీ ఊగుతుంది, చివరికి క్రాంక్ పాడవుతుంది. బానెట్ ఎత్తి కింది పుల్లీ చూడండి: నాలుగు గాట్లుంటే పాత రకం, ఎనిమిదుంటే మార్చిన రకం. 94 నుంచి 1.8 లీటర్ ఇంజన్, 128 హార్స్‌పవర్, రెండు ఎయిర్‌బ్యాగులు. నాది 116 హార్స్‌పవరే, ఎయిర్‌బ్యాగు డ్రైవరుకి మాత్రమే. డబ్బు సరిపోతే 94 తీసుకోండి, మొహమాటం లేకుండా చెబుతున్నా.

ఇక తుప్పు. ఇంజన్ గురించి గంట మాట్లాడేవాళ్లు తుప్పు గురించి నిమిషం కూడా ఆలోచించరు, అదే నాకు చిరాకు. ఇంజన్ పోతే ఇంకోటి వేసుకోవచ్చు; బాడీ పోతే ఆ కారు పోయినట్టే. టాప్ మీద పడ్డ వాన నీరు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న సన్నని గొట్టాల్లోంచి కిందికి పోవాలి. వాటిలో ఆకులూ మట్టీ పేరుకుంటే నీరు తలుపు కింది గుమ్మంలోకి చేరి, లోపల్నుంచి తినేస్తుంది. బయట పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. వెనక చక్రానికి కాస్త ముందు, గుమ్మం కింది అంచు వేలితో తడమండి. బుడగలు తగిలినా, పుట్టీ మెత్తదనం తగిలినా నమస్కారం పెట్టి వచ్చేయండి. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి తడి చూడండి. చలికాలంలో రోడ్లకి ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల కారైతే కింద పడుకుని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. డిక్కీలో కుడివైపు బ్యాటరీ ఉంటుంది. దానికి ఆవిరి బయటికి పంపే గొట్టాలున్న సీల్డ్ బ్యాటరీయే పెట్టాలి. ఎవరో యాభై డాలర్లు మిగుల్చుకుందామని మామూలు బ్యాటరీ పెట్టి ఉంటే, యాసిడ్ కారి ఆ మూలంతా తుప్పు పట్టి ఉంటుంది.

రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు నల్లగా ఉండాలి, ఆకుపచ్చ-గోధుమ రంగుకి తిరిగితే రోజులు దగ్గర పడ్డాయని. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టకటకమంటే భయపడక్కర్లేదు, ఆయిల్ మార్చి కొన్నాళ్లు నడిపితే చాలాసార్లు తగ్గుతుంది. 94 దాకా వచ్చినవాటిలో ఆయిల్ ప్రెషర్ ముల్లు అసలు ప్రెషర్‌నే చూపిస్తుంది, వేడెక్కాక సిగ్నల్ దగ్గర కిందికి జారడం మామూలే. అది చూసి బేరం వదులుకున్నవాళ్లు ఉన్నారు!

టర్బో పెట్టాం, సస్పెన్షన్ దించాం అని గొప్పగా రాసిన ప్రకటనలు దాటేయండి. ఆ పని ఎవరు చేశారో, ఎంత తొందరలో చేశారో మనకి తెలియదు. రేడియో దగ్గర్నుంచీ కంపెనీది ఉండి, సర్వీసు రసీదుల కట్ట ఉన్న బోరు కొట్టే కారే మంచి కారు.

నాదాన్లో మొదటి ఏడాది టైమింగ్ బెల్ట్, దాంతోపాటే వాటర్ పంప్, రేడియేటర్, హోసులు, టైర్లు మార్చాను. బెల్ట్ 60,000 మైళ్లకోసారి మార్చాలి. ఇందులో బెల్ట్ తెగినా వాల్వులు వంగవు, కారు ఆగిపోతుందంతే. ఆ తర్వాత క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడిపించే చిన్న భాగం) వంతు. ఒకరోజు పెడల్ నేలకంటుకుంది, గేరు పడలేదు. ముప్పై డాలర్లలోపు పార్టు, డ్రైవ్‌వేలో మా బావమరిది పెడల్ తొక్కుతుంటే నేనే మార్చాను. ఏసీ మాత్రం పెద్ద ఖర్చు. పాత ఆర్-12 గ్యాస్‌తో వచ్చిన కారు, దాన్ని కొత్త రకం 134ఎ గ్యాస్‌కి మార్పించాలి. డాలస్ ఎండల్లో ఏసీ లేని కన్వర్టిబుల్ ఆగస్టులో ఎందుకూ పనికిరాదు. టాప్ తీసి నడిపే కాలం ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అనుకోండి.

నడపడం ఎలా ఉంటుంది? స్పీడుగా ఉండదు. సిగ్నల్ దగ్గర ఏ క్యామ్రీ అయినా దాటేస్తుంది. హైవే మీద 70 మైళ్ల దగ్గర ఇంజన్ మూడున్నర వేల ఆర్‌పీఎం పైనే తిరుగుతుంది, ఫోను మాట్లాడాలంటే అరవాలి. కానీ కారు బరువు దాదాపు వెయ్యి కిలోలే. గేరు లివర్ మణికట్టు కదిపితే చాలు. మూడో గేరులో ఇంజన్‌ని ఎర్రగీత (ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా లాగినా టికెట్ పడేంత వేగం రాదంటే అబద్ధమే గానీ, అక్కడికి చేరేలోపు బోలెడు సంతోషం ఉంటుంది. టెక్సస్ హిల్ కంట్రీలో మెడీనా నుంచి లీకీ వెళ్లే 337 నంబరు రోడ్డు మీద దీన్ని నడిపినప్పుడు, అరకు ఘాట్‌లో మలుపు మలుపుకీ గేరు మార్చిన రోజులు గుర్తొచ్చాయి. పెట్రోలు గాలన్‌కి 25 మైళ్లు ఇస్తుంది.

మా ఆవిడకి ఇది నచ్చదు, ఆమె కారణాలు సరైనవే. ఏబీఎస్ లేదు, పక్క ఎయిర్‌బ్యాగులు లేవు, పికప్ ట్రక్కు బంపర్ మన తలకి సమానంగా ఉంటుంది. అందుకే దీన్ని రోజూ ఆఫీసుకి తీసుకెళ్లను, వానలో అసలే తీయను. పిల్లలిద్దరున్న ఇంట్లో రెండే సీట్లు, ఎవరు ఎక్కాలన్నదానికి వంతులేసుకున్నాం. డిక్కీలో పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి) పులిహోర గిన్నె ఒకటి పడుతుంది, రెండోది పక్కవాళ్ల ఒళ్లో.

ఇన్సూరెన్స్ విషయంలో, విలువ ముందే ఒప్పుకునే క్లాసిక్ పాలసీ తీసుకోండి. ఇక్కడ వసంతంలో వడగళ్లు పడతాయి, బానెట్ అల్యూమినియం, సొట్టలు తీయడం కష్టం. మామూలు పాలసీ అయితే పాత కారని నాలుగు సొట్టలకే టోటల్, అంటే బాగుచేయించడం దండగ, అనేస్తారు. క్లాసిక్ పాలసీకి గరాజ్ ఉండాలి, రోజువారీ కారు వేరే ఉండాలి. ఇరవై నాలుగేళ్లు దాటింది కాబట్టి టెక్సస్‌లో పొగ పరీక్ష గొడవ లేదు.

ప్రస్తుతానికి మిగిలిన పని టాప్ మార్పించడం. వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కింది; మడిచేముందు దాని జిప్ తీయకపోతే గీతలు పడతాయని పాత ఓనరమ్మ చెప్పింది, పాటించాను కాబట్టే ఇన్నాళ్లు ఆగింది. గాజు కిటికీ ఉన్న టాప్‌కి కూలితో కలిపి వెయ్యి డాలర్లకు పైనే చెబుతున్నారు. ఎండలు తగ్గాక వేయిస్తాను.